నెల కాదు, నేల చూసి నాటవలసిన పూవు: శీతల ప్రదేశాలలో రానంక్యులస్ సాగు

రానంక్యులస్ దుంప నుండి పెరిగే పూలమొక్క. పలుచని కాగితం వంటి రేకులు పొరలు పొరలుగా ఒకదానిలో ఒకటి ఒదిగి ఉండడం వలన దీని పూవు దూరానికి చిన్న గులాబీ వలె కనిపిస్తుంది. తెలుపు, పసుపు, నారింజ, గులాబీ, ఎరుపు వర్ణాలలో పూస్తుంది. నీలి రంగు మాత్రం దీనికి లేదు. కోసిన తరువాత పది రోజుల వరకు నీటిలో తాజాగా నిలుస్తుంది. అందువల్ల వివాహ వేదికల అలంకరణకు, పుష్పగుచ్ఛాలకు దీనిని విరివిగా వాడుతున్నారు. తెలుగులో దీనికి స్థిరపడిన వాడుక పేరు లేదు. పూల వ్యాపారులు రానంక్యులస్ అనే పిలుస్తారు; ఇంగ్లీషు పుస్తకాలలో పర్షియన్ బటర్‌కప్ అనే పేరు కూడా కనిపిస్తుంది.

ఈ మొక్క స్వభావాన్ని రెండు మాటలలో చెప్పవచ్చు. దీనికి చలి కావాలి, గడ్డకట్టే చలి కూడదు. ఎండ కావాలి, వేడి కూడదు. ఈ రెండు హద్దుల మధ్య దొరికే కొద్ది వారాలలోనే అది వేరు పట్టి, ఆకు తొడిగి, పూచి, మరల నిద్రపోతుంది. దుంపలు విత్తనాల వలె చౌకగా దొరకవు. నాటే వేళ పదిహేను రోజులు అటూ ఇటూ అయినా, నానబెట్టడంలో ఒక రాత్రి ఏమరినా, ఆ ఏటి పెట్టుబడి మొత్తం మట్టిలోనే కుళ్లిపోవచ్చు. కనుక ఈ పూవును పెంచదలచినవారు ముందుగా నేర్వవలసినది ఉష్ణోగ్రతల లెక్క. మిగిలిన పనులన్నీ దాని వెంట నడుస్తాయి.

పుట్టిన చోటు, పేరు

తోటలలో పెంచే రానంక్యులస్ శాస్త్రీయ నామం రానంక్యులస్ ఏషియాటికస్. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ప్రచురించిన గ్రంథంలో ఈ పేరు నమోదైంది. మధ్యధరా సముద్రపు తూర్పు తీరాలు దీని పుట్టినిల్లు. క్రీటు, సైప్రస్ ద్వీపాలలోను, టర్కీ, సిరియా, లెబనాన్, ఇజ్రాయెల్, ఇరాన్ దేశాలలోను అడవి రూపంలో నేటికీ పూస్తుంది. ఆ ప్రాంతాలలో వానలు చలికాలంలో పడతాయి. వేసవి పొడిగా, వేడిగా ఉంటుంది. అందువల్ల ఈ మొక్క శరదృతువు వానలకు మేలుకొని, వసంతంలో పూచి, ఎండలు ముదరగానే దుంప రూపంలో నేలలో నిద్రపోయే అలవాటు చేసుకొన్నది. సాగులో ఎదురయ్యే చిక్కులన్నిటికీ మూలం ఈ అలవాటే.

టర్కీ ఉద్యానాల నుండి పదహారవ శతాబ్దంలో ఇది ఐరోపాకు చేరింది. పద్దెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో పూల ప్రేమికులు పోటీలకు పెంచిన ముఖ్య పుష్పాలలో తులిప్, హయసింత్ వంటి వాటి సరసన ఇదీ నిలిచింది. నేడు ఇటలీలోని సాన్‌రెమో తీరం, అమెరికాలోని కాలిఫోర్నియా దీని సాగుకు పేరుపొందాయి. కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్ పట్టణం వద్ద దాదాపు 50 ఎకరాల కొండవాలులో ఈ పూవు ప్రతి ఏటా మార్చి నుండి మే మొదటి భాగం వరకు పూస్తుంది. సముద్రపు గాలి వలన అక్కడ గడ్డకట్టే చలి గాని, తీవ్రమైన ఎండ గాని ఆ నెలలలో ఉండవు.

రానంక్యులస్ అనే మాటకు లాటిన్ భాషలో 'చిన్న కప్ప' అని అర్థం. ఈ ప్రజాతికి చెందిన అనేక మొక్కలు కప్పల వలె చెమ్మ నేలలలో ఉంటాయి కనుక ఆ పేరు వచ్చింది. అయితే తోటలలో పెంచే రకం దుంపకు నీరు నిలిచిన నేల మృత్యువుతో సమానం. పేరు చూసి మోసపోరాదు.

మనకు తెలిసిన బంధువులు

ఈ మొక్క కుటుంబం మనకు పూర్తిగా పరాయిది కాదు. వంటింట్లో వాడే కలోంజి, అనగా నల్లజీలకర్ర, ఈ కుటుంబానిదే. ఆయుర్వేదంలో శుద్ధి చేయనిదే వాడరాదని చెప్పే విషమూలిక వత్సనాభి కూడా దీని బంధువే. నీలగిరి పర్వతాల ఎత్తైన పచ్చిక మైదానాలలో రానంక్యులస్ రెనిఫార్మిస్ అనే పసుపు పూల అడవి మొక్క సహజంగా పెరుగుతుంది. దక్షిణ భారతంలోనూ ఈ ప్రజాతికి తగిన చల్లని చోట్లు ఉన్నాయనడానికి అది సాక్ష్యం. కాశ్మీరులో శ్రీనగర్ వద్ద 2007లో ప్రారంభించిన ఇందిరాగాంధీ స్మారక తులిప్ ఉద్యానంలో తులిప్‌లతో పాటు రానంక్యులస్ పూలను కూడా పెంచుతారు.

ఉష్ణోగ్రతల లెక్క

పగలు 13 నుండి 18 డిగ్రీల సెల్సియస్, రాత్రి 5 నుండి 8 డిగ్రీలు ఉన్నప్పుడు ఈ మొక్క చక్కగా పెరుగుతుంది. పగటి వేడి చాలా రోజులు 21 డిగ్రీలు దాటితే కొత్త మొగ్గలు తగ్గి, కాడలు పొట్టివవుతాయి. 25 డిగ్రీల వేడి నిలకడగా ఉంటే ఆకులు పసుపెక్కి మొక్క నిద్రకు సిద్ధమవుతుంది. ఆ తరువాత ఎంత నీరు పోసినా, ఎంత ఎరువు వేసినా మేలుకోదు.

చలి వైపు హద్దు కూడా అంతే కచ్చితమైనది. వేరు పట్టిన మొక్క సున్నాకు దిగువ 3, 4 డిగ్రీల వరకు కొద్ది గంటలు తట్టుకొంటుంది. దుంప చుట్టూ ఉన్న మట్టి గడ్డకడితే మాత్రం దుంప చితికి, మంచు కరిగాక మెత్తబడి కుళ్లుతుంది. కనుక గాలి ఎంత చల్లగా ఉన్నదనే దానికంటే మట్టి గడ్డకట్టిందా లేదా అనేదే ముఖ్యం. నాటడానికి పంచాంగంలోని నెలను కాక, కాళ్ల కింది నేలను చూడాలి.

చలి తీవ్రమైన చోట కాలనిర్ణయం

నాటిన దుంప నుండి మొదటి పూవు రావడానికి దాదాపు 90 రోజులు పడుతుంది. ఆ తరువాత నాలుగు నుండి ఆరు వారాల పాటు పూలు కోయవచ్చు. ఈ లెక్కను ఒక నిజమైన ప్రదేశానికి అన్వయించి చూద్దాం.

శ్రీనగర్‌లో డిసెంబరు 21 నుండి 40 రోజులు 'చిల్లై కలాన్' అనే తీవ్రమైన చలి ఉంటుంది. జనవరి రాత్రులలో సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువనే. మార్చిలో పగటి సగటు 15 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా, ఏప్రిల్‌లో సుమారు 20 డిగ్రీలు, మే నెలలో 25 డిగ్రీలకు చేరువగా ఉంటుంది. మార్చి మొదటి వారంలో ఆరుబయట దుంప నాటితే మొదటి పూవు జూన్ మొదటి వారానికి గాని రాదు. అప్పటికి ఎండలు ముదిరి ఉంటాయి. నాలుగు పూలు పూచి మొక్క పడిపోతుంది. తోటమాలి తప్పు ఏమీ లేకపోయినా కాలమే చాలదు.

చాలని కాలాన్ని సంపాదించడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, నవంబరులో నేల గడ్డకట్టక ముందే పాలిథిన్ కప్పిన సొరంగం వంటి పందిరి కింద నాటడం. మొక్క చలికాలమంతా నెమ్మదిగా వేరు పెంచుకొని ఏప్రిల్‌లో పూస్తుంది. పూల కాలం ఆరు వారాల వరకు దక్కుతుంది. రెండవది, ఫిబ్రవరి మొదట్లో దుంపలను ఇంటిలోనే మొలకెత్తించి, ట్రేలలో చిన్న మొక్కలుగా పెంచి, నేల కరగగానే గుడ్డ కప్పు కింద నాటడం. ఈ పద్ధతిలో మూడు నాలుగు వారాలు ముందుగా పూలు వస్తాయి. ఖర్చు తక్కువ, దిగుబడి కూడా తక్కువే.

అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను, కెనడాలోను స్థిరపడిన తెలుగు కుటుంబాల పెరటి తోటలకు కూడా ఇవే రెండు మార్గాలు. అక్కడ వసంతంలో చివరి మంచు పడే తేదీని ప్రాంతాల వారీగా ముందే సూచిస్తారు. ఆ తేదీ నుండి వెనుకకు నాలుగు నుండి ఆరు వారాలు లెక్కించి, మొలకెత్తిన దుంపలను కప్పు కింద నాటడం ఆనవాయితీ.

దుంపల ఎంపిక, నానబెట్టడం

ఎండిన దుంప కాళ్లు ముడుచుకున్న సాలీడు వలె, లేదా బొటనవేలంత అరటిగెల వలె ఉంటుంది. దుంపలను వాటి చుట్టుకొలతను బట్టి శ్రేణులుగా అమ్ముతారు. పెద్ద దుంపకు ఎక్కువ కాడలు వస్తాయి. నొక్కితే గట్టిగా ఉండి, బూజు వాసన లేనివి మంచివి. ఒకటి రెండు కొనలు విరిగినా నష్టం లేదు. కొనలన్నీ కలిసే పైభాగం, నూగుతో ఉన్న మొన, చెడకుండా ఉండాలి. మొలక అక్కడి నుండే వస్తుంది.

నాటే ముందు దుంపలను మామూలు నీటిలో 3 నుండి 4 గంటలు నానబెట్టాలి. మధ్యలో ఒకటి రెండుసార్లు నీరు మార్చాలి. నానిన దుంప ఇంచుమించు రెండింతలు ఉబ్బుతుంది. మినపప్పు వలె రాత్రంతా నానబెట్టరాదు. గాలి అందక దుంప ఊపిరాడని స్థితికి చేరి, నాటిన వారంలోనే కుళ్లుతుంది. నష్టాలలో ఎక్కువ భాగం ఈ ఒక్క పొరపాటు వల్లనే కలుగుతుంది.

మొలకెత్తించడం

నానిన దుంపలను వెంటనే తోటలో పెట్టడం కంటే ముందుగా మొలకెత్తించడం శ్రేయస్కరం. లోతు తక్కువ ఉన్న ట్రేలో సగం వరకు తేమ మట్టి గాని, కొబ్బరి పొట్టు గాని నింపి, దుంపలను పరచి, పైన పలుచగా కప్పాలి. పిడికిట పట్టి పిండితే నీరు కారని తేమ చాలు. ట్రేను 4 నుండి 10 డిగ్రీల చల్లదనం ఉండే చీకటి గదిలో ఉంచాలి. ఎలుకలు ఈ దుంపలను ఇష్టంగా తింటాయి కనుక పైన జాలీ కప్పడం అవసరం.

మూడు నాలుగు రోజులకు ఒకసారి తీసి చూసి, మెత్తబడినవి, బూజు పట్టినవి ఏరివేయాలి. 10 నుండి 14 రోజులలో తెల్లని పిల్లవేర్లు కనిపిస్తాయి. అప్పుడు నాటవచ్చు. ఈ దశలో దుంపకు తగిలే చల్లదనం తరువాత పూమొగ్గ త్వరగా రావడానికి తోడ్పడుతుంది. గది వెచ్చగా ఉంటే మొలకకు ముందే బూజు వస్తుంది.

మడి, నాటడం

నీరు నిలవని తేలిక నేల కావాలి. ఉదజని సూచిక 6 నుండి 6.5 వరకు ఉంటే మంచిది. జిగురు మట్టి అయితే బాగా చివికిన పశువుల ఎరువు, ముతక ఇసుక కలిపి, అడుగు ఎత్తున ఎత్తు మడులు వేయాలి. పచ్చి పేడ వాడరాదు.

దుంపను కొనలు కిందికి, మొన పైకి ఉండేటట్లు 5 సెంటీమీటర్ల లోతులో పెట్టాలి. మొక్కకు మొక్కకు 20 నుండి 23 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. 20 సెంటీమీటర్ల ఎడంతో చదరపు మీటరుకు 25 దుంపలు పడతాయి. దుంపలు కొనే ముందు ఈ లెక్క వేసుకొంటే వృథా ఉండదు. నాటిన వెంటనే ఒకసారి బాగా నీరు పెట్టి, ఆకు కనిపించే వరకు తేమ ఆరిపోకుండా మాత్రమే చూడాలి.

కప్పు వాడే తీరు

పాలిథిన్ పందిరి గాలిని, తడిని ఆపుతుంది గాని దానంతట అది రాత్రి చలిని పెద్దగా ఆపలేదు. అందుకే సున్నాకు దిగువ 3, 4 డిగ్రీలు దాటే రాత్రులలో పందిరి లోపల, మొక్కలపై మరొక పొరగా తేలికపాటి నేయని గుడ్డను కప్పుతారు. చలి మరీ తీవ్రమైతే రెండు పొరలు వేస్తారు. గుడ్డ ఆకులకు అంటుకోకుండా వంచిన తీగల మీద పరచాలి.

తెల్లవారి ఎండ రాగానే గుడ్డ తీసి, పందిరి రెండు చివరలు తెరవాలి. ఫిబ్రవరి, మార్చి నెలలలో మబ్బులేని రోజున మూసి ఉంచిన పందిరి లోపల వేడి మధ్యాహ్నానికి 25 డిగ్రీలు సులువుగా దాటుతుంది. రాత్రి చలికి భయపడి పగలు తెరవని పందిరి, కాపాడవలసిన మొక్కనే వేడితో నిద్రపుచ్చుతుంది.

నీరు, ఎరువు, తెగుళ్లు

మొగ్గ దశ నుండి నీటి అవసరం పెరుగుతుంది. నీరు వేరు వద్దకే చేరాలి. ఆకుల మీద పోయరాదు. బిందుసేద్యం దీనికి తగినది. నత్రజని ఎక్కువైతే ఆకు పెరిగి పూవు తగ్గుతుంది. మొగ్గలు కనిపించే వేళ పొటాష్ ఉన్న ద్రవ ఎరువును పలుచగా రెండు వారాలకు ఒకసారి ఇస్తే సరిపోతుంది.

పేనుబంక, తామర పురుగులు ముఖ్య శత్రువులు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బు ద్రావణంతో కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయవచ్చు. పందిరిలో గాలి ఆడకపోతే ఆకులపై బూడిద తెగులు వస్తుంది. తొలి దశలోనే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాముల చొప్పున పిచికారీ చేయాలి. వేపనూనె, గంధకం రెండూ ఒకే వారంలో కొడితే ఆకులు మాడతాయి. వాటి మధ్య రెండు వారాల ఎడం ఉంచాలి. వేరుకుళ్లుకు మందు కంటే మురుగు నీరు పోయే దారే ముఖ్యం.

కోత, దుంపల నిలువ

మొగ్గ పూర్తి రంగు దాల్చి, వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా తగిలే దశలో ఉదయం చల్లని వేళ కోయాలి. గట్టిగా ఉండగా కోస్తే విచ్చుకోదు. పూర్తిగా విచ్చిన తరువాత కోస్తే ప్రయాణంలో రేకులు నలుగుతాయి. కోసిన కాడలను వెంటనే శుభ్రమైన నీటిలో నిలబెట్టాలి.

పూలు ముగిసి ఆకులు పసుపెక్కగానే నీరు ఆపాలి. ఆకులు ఎండిన తరువాత దుంపలు తవ్వి, మట్టి కడిగి, గాలి ఆడే నీడలో పూర్తిగా ఎండనివ్వాలి. కాగితపు సంచులలో గాని, వల సంచులలో గాని పొడిగా, చల్లగా నిలువ చేయాలి. పాలిథిన్ సంచులలో కట్టితే చెమ్మ పట్టి చెడిపోతాయి. ఒక దుంప చుట్టూ పిల్లదుంపలు ఏర్పడతాయి. అయితే వైరస్ తెగులు దుంపల ద్వారా మరుసటి ఏటికి సాగుతుంది. ఆకులపై మచ్చలు, ముడుతలు కనిపించిన మొక్కల దుంపలను దాచరాదు.

పశువులు, పిల్లల విషయంలో జాగ్రత్త

ఈ మొక్క పచ్చి రసం చర్మానికి తగిలితే మంట, బొబ్బలు రావచ్చు. తింటే నోరు, కడుపు పుండుపడతాయి. పశువులు సాధారణంగా దీని ఘాటుకు దూరంగా ఉంటాయి గాని, మేత కరవైనప్పుడు నోరు పెట్టవచ్చు. ఏరివేసిన మొక్కలను దొడ్డిలో పారవేయరాదు. పూర్తిగా ఎండిన మొక్కలో ఆ విషగుణం నశిస్తుంది. కోత కోసేవారు చేతి తొడుగులు ధరించడం మంచిది. దుంపలను పసిపిల్లలకు అందని చోట ఉంచాలి.

సరిహద్దు గ్రామాలలో సాధ్యమా?

తమిళనాడులోని హోసూరు, తళి, డెంకణికోట ప్రాంతాలలో గులాబీ, ఇతర కోత పూలు పెంచే తెలుగు కుటుంబాలు అనేకం. రంగురంగుల చిత్రాలు చూసి రానంక్యులస్ దుంపలు తెప్పించుకోవాలనే ఆలోచన అక్కడ కలగడం సహజం. హోసూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. డిసెంబరు, జనవరి రాత్రులు చల్లగా ఉన్నా, పగటి ఉష్ణోగ్రత 25 డిగ్రీల చుట్టూ ఉంటుంది. పాలీహౌస్ లోపల అది ఇంకా పెరుగుతుంది. చలి దేశంలో పాలిథిన్ పందిరి మొక్కకు దుప్పటి. హోసూరులో అదే ఉక్కపోత. ఇక్కడ కావలసినది వెచ్చదనం కాదు, గాలి బాగా ఆడే షేడ్‌నెట్టు నీడ. అక్టోబరు, నవంబరు ఈశాన్య రుతుపవన వానలకు దుంప కుళ్లకుండా పైకప్పు మాత్రం ఉండాలి.

ఆంధ్రప్రదేశ్‌లోని లంబసింగి, ఒడిశాలోని కోరాపుట్ మన్యం వంటి చోట్ల కూడా రాత్రి చలిని చూసి తొందరపడరాదు. పగటి వేడి ఎంత, అది ఎన్ని వారాలు హద్దులో ఉంటుంది అనేదే పరీక్ష. దాదాపు 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఊటీ వాతావరణం ఈ మొక్కకు చాలా దగ్గర. అక్కడ కాపలా కాయవలసినది డిసెంబరు, జనవరి మంచు రాత్రులకే. బళ్లారి, నాందేడ్, యానాం వంటి వేడి ప్రాంతాలలో పొలం మీద దీనిని పెంచాలనుకోవడం ధనవ్యయమే. అక్కడి చలికాలానికి చామంతి, బంతి నమ్మకమైన పూలు.

ఉత్సాహం ఉన్నవారు మొదటి ఏడు దుంపలు కాదు, ఉష్ణోగ్రతలు సేకరించాలి. ఉన్నత పాఠశాల భూగోళ పాఠంలో పిల్లలు చదివే కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణమాపకం ఒకటి పొలంలో నీడపట్టున వేలాడదీసి, నవంబరు నుండి మార్చి వరకు రోజూ రెండు అంకెలు నోటుపుస్తకంలో రాయించాలి. ఇంట్లో చదువుకొనే పిల్లలే ఆ పని చేయగలరు. పగలు 20 డిగ్రీల లోపు, రాత్రి సున్నాకు పైన ఉన్న వారాలు వరుసగా పన్నెండుకు తగ్గకుండా ఉంటే, మరుసటి ఏడు పది కుండీలలో పది దుంపలు పెట్టి చూడవచ్చు. ఆ పది పూచిన తరువాతే మడి గురించి ఆలోచించాలి. వారాలు చాలకపోతే, ఆ నోటుపుస్తకం ఒక ఏటి పెట్టుబడిని కాపాడినట్లే.